కనిపించని కింది దారం

యూరియా బస్తా మూతి విప్పడం ఎప్పుడైనా చూశారా? మూతి మీద కుట్టిన దారంలో సరైన కొస దొరకబుచ్చుకుని లాగితే చాలు. "పర్ర్" మంటూ కుట్టంతా ఈ చివరినుంచి ఆ చివరికి ఊడి వచ్చేస్తుంది. కత్తెర అక్కరలేదు, బ్లేడు అక్కరలేదు.

ఇప్పుడు మీ చొక్కా భుజం మీది కుట్టు చూడండి. అదీ మిషను మీద కుట్టిందే. అయినా ఒక్క దారం తెగినంత మాత్రాన చొక్కా చెయ్యి ఊడి చేతికి రాదు. బస్తా కుట్టుకూ, చొక్కా కుట్టుకూ ఇంత తేడా ఎందుకు వచ్చింది?

బస్తా కుట్టు సాధారణంగా ఒకే దారంతో వేసే గొలుసు కుట్టు. ప్రతి ఉచ్చునూ దాని తర్వాతి ఉచ్చు పట్టుకుని ఉంటుంది. చివరి ఉచ్చును విడిపిస్తే దాని ముందుదీ, దాని ముందుదీ వరసగా విడిపోతాయి. చొక్కా కుట్టులో మాత్రం రెండు దారాలుంటాయి. ఒకటి పైన రీలు నుంచి వస్తుంది. దాన్ని మీరు చూస్తూనే ఉంటారు. రెండోది మిషను పొట్టలో దాగి ఉంటుంది. ఆ దారాన్ని మోసే చిన్న ఇనుప చక్రమే బాబిన్. కుట్టు బలంలో సగం దాని చేతిలో ఉంది. మరి ఆ బాబిన్‌కు దారం చుట్టే పనిని మనం ఎంత శ్రద్ధగా చేస్తున్నాం?

పల్నాడులో ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ వైపు ఏ ఊరు వెళ్ళినా పత్తి చేలు కనిపిస్తాయి. పత్తి తీతకు వెళ్ళే అమ్మలు నడుముకు సంచి కట్టుకుని, కాయ కాయకూ వంగి, తీసిన పత్తిని అందులో వేసుకుంటారు. సంచి నిండేకొద్దీ బరువంతా అడుగు కుట్టు మీద పడుతుంది. ఆ కుట్టు చేలో విచ్చుకుపోయిందనుకోండి. తెల్లని పత్తి మట్టిలో పడుతుంది, ఎండుటాకులు అంటుకుంటాయి. చెత్త కలిసిన పత్తికి ధర తగ్గుతుంది. ఎక్కడో పంచలో కూర్చుని బాబిన్ చుట్టిన చేతి తొందరపాటుకు ఎండలో వంగిన నడుము నష్టపోతుందన్న మాట!

బాబిన్ ఎందుకంత చిన్నది?

పైన పెద్ద రీలు పెట్టుకుంటున్నాం కదా, కింద కూడా ఓ పెద్ద రీలు పెట్టుకుంటే మాటిమాటికీ చుట్టే బాధ తప్పుతుందిగా అని మీకు తోచవచ్చు. మంచి ప్రశ్నే. జవాబు కుట్టు పడే విధానంలోనే ఉంది.

చేతి సూదికి బెజ్జం వెనుక ఉంటుంది. మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. సూది గుడ్డలో దిగి, తిరిగి కొద్దిగా పైకి లేవగానే దారం వదులై చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కింద తిరిగే కొక్కెం వచ్చి ఆ ఉచ్చును పట్టుకుంటుంది. పట్టుకుని, దాన్ని పెద్దది చేసి, బాబిన్ చుట్టూ పూర్తిగా తిప్పుతుంది. అంటే ప్రతి కుట్టుకూ పై దారం ఉచ్చులోంచి బాబిన్ మొత్తం, దాని డబ్బాతో సహా, దూరి బయటికి వస్తోంది! ఆ తర్వాత మిషను పైన ఆడే మీట పై దారాన్ని గుంజుతుంది. రెండు దారాలూ గుడ్డ మందంలో ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. బాబిన్ కొబ్బరికాయంత ఉంటే ఒక్కొక్క కుట్టుకూ ఉచ్చు ఎంత పెద్దది కావాలి? అందుకే బాబిన్ చిన్నదిగా ఉండక తప్పదు. చిన్నది కనుక త్వరగా అయిపోక తప్పదు. అయిపోతుంది కనుక చుట్టడం నేర్చుకోకా తప్పదు.

మగ్గం నుంచి మిషనుకు

ఈ ఆలోచన మన నేతగాళ్ళకు కొత్తది కాదు. మగ్గం మీద పేకదారాన్ని మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడెను చూశారా? ఆ నాడె కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. కండె సరిగా చుట్టకపోతే నేతలో దారం తెగుతుందని నేత ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. కుట్టుమిషను బాబిన్ ఆ కండెకు మనుమరాలు వంటిది.

ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీకి 1830లో పేటెంటు వచ్చిన మిషను ఒంటిదారంతో గొలుసు కుట్టు వేసేది. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందిన మిషనులో మొన దగ్గర బెజ్జం ఉన్న సూదీ, నాడెలా అటూ ఇటూ కదిలే రెండో దారమూ ఉన్నాయి. 1851లో ఐజాక్ సింగర్ తన మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. దాదాపు ఆ రోజుల్లోనే ఆలెన్ విల్సన్ అనే ఆయన ఇంకో దారి తొక్కాడు. నాడెను పరుగెత్తించడం ఎందుకు, దాన్ని ఒక చోట కూర్చోబెట్టి చుట్టూ కొక్కేన్ని తిప్పితే పోలేదా అనుకున్నాడు. గుండ్రని బాబిన్ అలా వచ్చింది. మన దేశంలో 1935లో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది. ఇవాళ మోటారుతో నడిచే మిషన్లు వచ్చినా, కింది దారం మాత్రం ఇంకా బాబిన్ నుంచే వస్తోంది.

కాస్త లెక్క వేద్దాం

ఒక బాబిన్ మీద ఎంత దారం పడుతుంది? స్కేలు తీసుకుని మీ ఇంటి బాబిన్‌ను కొలవండి. ఉదాహరణకు లోపలి ఇరుసు వ్యాసం 8 మి.మీ., దారం నిండాక వ్యాసం 18 మి.మీ., రెండు అంచుల మధ్య వెడల్పు 9 మి.మీ., దారం మందం పావు మిల్లీమీటరు అనుకుందాం.

వెడల్పులో పక్కపక్కన 36 చుట్లు పడతాయి. ఇరుసు నుంచి అంచు దాకా లోతు 5 మి.మీ. కనుక 20 వరసలు పడతాయి. మొత్తం 36 × 20 = 720 చుట్లు. సగటు వ్యాసం 13 మి.మీ. కనుక సగటు చుట్టు పొడవు దాదాపు 41 మి.మీ. ఈ రెండూ గుణిస్తే సుమారు ఇరవై తొమ్మిదిన్నర మీటర్లు!

ఇప్పుడు పాత గుడ్డ మీద 20 సెం.మీ. కుట్టు వేసి, విప్పి, కింది దారాన్ని కొలవండి. 25 సెం.మీ. వచ్చిందనుకుంటే, నిండు బాబిన్‌తో 23 మీటర్లకు పైగా కుట్టవచ్చు. వదులుగా, ఎగుడుదిగుడుగా చుట్టి నాలుగో వంతు చోటు వృథా చేస్తే 17 మీటర్లతోనే సరి. బడులు తెరిచే రోజుల్లో యూనిఫారాలు కుట్టే ఇంట్లో ఈ తేడా ఎంత పని ఆపుతుందో మీరే ఊహించండి.

ఎలా చుట్టాలి?

ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి తీసుకుని, వాళ్ళు పక్కన ఉండగా, తొక్కుడు మిషను మీద ఇలా చేయండి.

మొదట చేతి చక్రాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, దాని మధ్యలో ఉన్న గుండ్రని మరను మీవైపుకు తిప్పి వదులు చేయండి. ఇప్పుడు చక్రం తిరిగినా సూది కదలదు. సూది ఊరికే ఆడితే ఏమవుతుంది? దానికి ఎక్కించి ఉన్న దారం చిక్కుపడుతుంది, వేలికి దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంది.

రెండోది, బాబిన్ మీద మిగిలిన పాత దారాన్ని పూర్తిగా తీసేయండి. రంగు ఒకటే కదా అని దాని మీదే చుట్టకండి. పాత దారం కొస కొత్త చుట్ల మధ్య ఇరుక్కుని, కుట్టు మధ్యలో పట్టేస్తుంది.

మూడోది, రీలు నుంచి వచ్చే దారాన్ని మిషను బల్ల మీద ఉండే రెండు చిన్న బిళ్ళల మధ్యనుంచి తప్పనిసరిగా పోనివ్వండి. చాలామంది ఇక్కడే "ఎందుకులే" అని వేళ్ళతో పట్టుకుని చుట్టేస్తారు. ఆ బిళ్ళలు దారాన్ని నొక్కి, ఘర్షణ వల్ల ఒకే రకమైన బిగువును ఇస్తాయి. వేళ్ళు అలా ఇవ్వలేవు. ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పట్టుకుంటాయి. బిగువు లేని చుట్ల మీద బిగువైన చుట్టు పడితే అది అడుగు వరసల్లోకి దిగబడుతుంది. తర్వాత కుట్టేటప్పుడు అక్కడే పట్టుకుంటుంది. అలాగని మరీ బిగించడమూ తప్పే. పాలియెస్టర్ దారం రబ్బరులా కొంచెం సాగుతుంది. సాగిన దారం గుడ్డలోకి వెళ్ళాక మళ్ళీ కురచ కావాలని చూస్తుంది. అప్పుడు కుట్టు వెంట గుడ్డ ముడతలు పడుతుంది.

నాలుగోది, దారం కొసను బాబిన్ అంచున ఉన్న బెజ్జంలోంచి బయటికి తీసి పట్టుకోండి. పది పన్నెండు చుట్లు పడ్డాక మిషను ఆపి, ఆ కొసను అంచు దగ్గరికంటా కత్తిరించండి. వదిలేస్తే అది డబ్బాలో రాసుకుంటుంది.

ఐదోది, చుట్టే మీటను నొక్కితే దాని రబ్బరు వలయం చేతి చక్రానికి ఆనుకుంటుంది. ఇక నిదానంగా, ఒకే వేగంతో తొక్కండి. ఇక్కడ పళ్ళచక్రాలు లేవు, గొలుసూ లేదు. ఘర్షణ ఒక్కటే బాబిన్‌ను తిప్పుతోంది. అందుకే ఆ వలయానికి నూనె తగలనివ్వకూడదు. వలయం కంటే చేతి చక్రం 5 రెట్లు పెద్దదనుకోండి. చక్రం ఒకసారి తిరిగితే బాబిన్ 5 సార్లు తిరుగుతుంది. కింది పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే పై చక్రం 4 సార్లు తిరిగిందనుకుంటే, మీ కాలి ఒక్క తొక్కుడుకు బాబిన్ 20 చుట్లు తిరిగినట్టు. అంటే 720 చుట్లకు 36 తొక్కుళ్ళు చాలు. నిమిషం కూడా పట్టని పని. ఇక తొందర దేనికి?

తొందర వద్దనడానికి మరో కారణం ఉంది. మొదట్లో ఒక చుట్టుకు 25 మి.మీ. దారం పడితే, చివర్లో 56 మి.మీ. పడుతుంది. మీ కాలి వేగం మారకపోయినా దారం పరుగు రెట్టింపు దాటుతుంది. కనుక చివరికి వచ్చేసరికి ఇంకొంచెం నెమ్మదించడమే తెలివి.

చుట్టేటప్పుడు బాబిన్‌ను గమనిస్తూ ఉండండి. దారం ఒక అంచునే కుప్ప పడుతుంటే, బిళ్ళలు బాబిన్ నడిమికి ఎదురుగా లేవన్న మాట. వాటిని కొద్దిగా ఎడమకో కుడికో సర్దాలి. అంచుకు కొంచెం లోపలే ఆపండి. పొంగిపోయేలా నింపితే బాబిన్ డబ్బాలో తిరగదు. చివరగా చేతి చక్రం మరను మళ్ళీ బిగించడం మరవకండి. "మిషను పాడైంది, సూది కదలడం లేదు" అని కంగారు పడేవాళ్ళలో చాలామంది మరిచిపోయేది ఇదే!

పరీక్ష పెట్టి చూడండి

బాబిన్‌ను డబ్బాలో పెట్టి, దారాన్ని చీలికలోకి లాగి, వెనక్కి మళ్ళించి, స్ప్రింగు రేకు కిందనుంచి బయటికి తీయండి. ఇప్పుడు దారం కొస పట్టుకుని డబ్బాను గాలిలో వేలాడదీయండి. కదలకుండా నిలవాలి. చేతిని చిన్నగా ఒక్కసారి ఎగరేస్తే కొద్దిగా జారి ఆగాలి.

ఇక్కడ రెండు బలాలు పోటీపడుతున్నాయి. డబ్బా బరువు కిందికి లాగుతుంది, రేకు కింది ఘర్షణ ఆపుతుంది. ఆగకుండా జరజరా జారిపోతే రేకు వదులు. ఎంత కుదిపినా కదలకపోతే మరీ బిగువు. రేకు మీది చిన్న మరను పిసరంత తిప్పి సరిచేయవచ్చు. అయితే మర ముట్టుకునే ముందు పదిసార్లు కుదిపి చూడండి. ఒకసారి జారి, ఒకసారి ఆగిపోతుంటే తప్పు మరది కాకపోవచ్చు. చుట్టిన చేతిది కావచ్చు. లేదా రేకు కింద నూగు చేరి ఉండవచ్చు. పత్తి ఊళ్ళలో ఈ నూగు ఇంకా త్వరగా చేరుతుంది. మెత్తని బ్రష్షుతో దులపండి.

కింది దారం బాగా బిగిస్తే పై దారాన్ని తనవైపు లాగేసుకుని, తాను గుడ్డ అడుగున తీగలా తిన్నగా పడుకుంటుంది. పెనవేత లేని ఆ దారం గుడ్డ సాగినప్పుడు పుటుక్కున తెగుతుంది. చేలో పత్తి సంచి విచ్చుకుపోయేది ఇలాంటి చోటే. రెండు దారాలూ సమానంగా లాగితేనే ముడి గుడ్డ మధ్యలో కూర్చుంటుంది. అప్పుడు పైన చూసినా, కింద చూసినా కుట్టు ఒకేలా ఉంటుంది.

ఈసారి మీ ఇంట్లోనో, పక్కింటి పిన్నిగారింట్లోనో మిషను చప్పుడు వినిపిస్తే వెళ్ళి చూడండి. "బాబిన్ నేను చుట్టిపెడతాను పిన్నీ" అని అడగండి. ఆడపిల్లల పని, మగపిల్లల పని అని ఘర్షణకూ, వ్యాసానికీ తేడా తెలియదు. చుట్టడం అయ్యాక ఆమె ఒక కుట్టు వేసి గుడ్డను తిరగేసి చూస్తుంది. అడుగున కూడా కుట్టు పైన ఉన్నంత చక్కగా ఉంటే, మీ పాఠం మీకు వచ్చినట్టే.