విశ్వవిద్యాలయాలకు అభివృద్ధి సహాయ నిధులు: విధాన అనుసంధానం, సామర్థ్యాభివృద్ధి

పరిశోధన ఫలితం సమాజానికి ఉపయోగపడాలంటే ప్రయోగశాల ఒక్కటే చాలదు. ఆ ఫలితాన్ని ప్రభుత్వ విధానంలోకి తీసుకువెళ్ళే సంప్రదింపులు అవసరం. దానిని స్థానికంగా కొనసాగించగల శాస్త్రవేత్తలు, సాంకేతిక సిబ్బంది కూడా అవసరం. మొదటి దానిని విధాన అనుసంధానమని, రెండవ దానిని సామర్థ్యాభివృద్ధి అని వ్యవహరిస్తారు. ఈ రెండూ నెమ్మదిగా ఫలించే పనులు. వీటికి లభించే నిధులు మాత్రం తరచుగా స్వల్పకాలికమైనవి. ఈ వైరుధ్యం ఎటువంటి నష్టానికి దారితీస్తుందో బ్రిటన్ అనుభవం తెలియజేస్తుంది.

వర్ధమాన దేశాల సమస్యలపై పరిశోధనకు బ్రిటన్ ప్రభుత్వం 2015లో ప్రపంచ సవాళ్ళ పరిశోధన నిధిని ప్రకటించింది. 2016 నుంచి 2021 వరకు దీనికి 150 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఇది ఆ దేశపు అధికారిక అభివృద్ధి సహాయంలో భాగం. అందువలన ప్రతి కార్యక్రమానికీ వర్ధమాన దేశాల ఆర్థికాభివృద్ధి, సంక్షేమమే ప్రధాన లక్ష్యం కావలసి ఉండేది.

ఈ నిధులు ముఖ్యంగా రెండు మార్గాలలో అందేవి. మొదటిది, పోటీ పద్ధతిలో ఎంపికైన పథకాలకు ఇచ్చే గ్రాంటు. రెండవది, ఇంగ్లండులోని విశ్వవిద్యాలయాలకు ఒక సూత్రం ప్రకారం పంచే నిధి. రెండవ మార్గంలో విశ్వవిద్యాలయం తన వ్యూహపత్రాన్ని సమర్పించి, దాని పరిధిలో వ్యయాన్ని స్వయంగా నిర్ణయించుకునేది. భాగస్వామ్య దేశపు అధికారులతో సమావేశాలు, యువ పరిశోధకులకు శిక్షణ, కొత్త భాగస్వామ్యానికి తొలి పర్యటన వంటి చిన్న అవసరాలు పెద్ద పథకాలలో సులభంగా ఇమడవు. వాటికి ఇటువంటి నిధి అనుకూలమైనది.

వ్యవసాయానికి సంబంధించిన ఉదాహరణ దక్షిణాసియా నత్రజని కేంద్రం. బ్రిటన్‌లోని జీవావరణ, జలవిజ్ఞాన కేంద్రం నాయకత్వంలో 2019లో ఆరంభమైన ఈ కార్యక్రమం ఎనిమిది దక్షిణాసియా దేశాలకు సంబంధించినది. పైరు వినియోగించుకోని నత్రజని భూగర్భజలంలో నైట్రేటుగా, గాలిలో నైట్రస్ ఆక్సైడుగా చేరుతుంది. ఈ సమస్య ఎరువుల సబ్సిడీ విధానంతో ముడిపడినది కనుక శాస్త్రవేత్తలు ప్రభుత్వాలతో కలిసి పనిచేయడం తప్పనిసరి. నత్రజని వృథాను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న ఆశయాన్ని 2019 అక్టోబరులో కొలంబో ప్రకటన వెల్లడించింది.

అయితే 2020 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం అభివృద్ధి సహాయాన్ని స్థూల జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. ఆ దేశపు జాతీయ పరిశోధన నిధుల సంస్థకు అప్పటికే ఇచ్చిన హామీలకు, మిగిలిన బడ్జెటుకు మధ్య 12 కోట్ల పౌండ్ల లోటు ఏర్పడింది. నడుస్తున్న పథకాలను కుదించవలసి వచ్చింది. ఆగిన క్షేత్ర ప్రయోగాన్ని మరుసటి పంటకాలంలో తిరిగి చేపట్టవచ్చు. శిక్షణ పొంది వెళ్ళిపోయిన పరిశోధకుని, సడలిన అధికారుల విశ్వాసాన్ని తిరిగి పొందడం అంత సులభం కాదు.

దీనికి భిన్నమైన అనుభవం తెలుగు నేలపైనే ఉన్నది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అమెరికా ప్రభుత్వ సహాయంతో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం తోడ్పడింది. అక్కడి ఆచార్యులు ఇక్కడికి వచ్చారు. ఇక్కడి అధ్యాపకులు ఉన్నత విద్యకు అక్కడికి వెళ్ళారు. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే సంస్థలో సమన్వయమయ్యాయి. విదేశీ సహాయం ముగిసినా సంస్థ నిలిచింది. సంస్థకు చట్టబద్ధమైన పునాది, సిబ్బందికి రాష్ట్ర బడ్జెటు ఆధారం ఉండడమే దీనికి ముఖ్య కారణం.

కనుక బాహ్య నిధులతో పథకాన్ని రూపొందించే విస్తరణ శాస్త్రవేత్తలు మూడు అంశాలను ముందుగానే నిర్ణయించుకోవాలి. శిక్షణ పొందినవారు ఏ శాశ్వత ఉద్యోగంలో కొనసాగుతారు? సేకరించిన సమాచారాన్ని ఏ స్థానిక సంస్థ భద్రపరుస్తుంది? నిధులు ఆగినపుడు ప్రభుత్వ శాఖతో సంప్రదింపులను ఎవరు కొనసాగిస్తారు? ఈ ప్రశ్నలకు పథకపత్రంలోనే సమాధానం ఉండాలి. అప్పుడే బాహ్య సహాయం స్థానిక సామర్థ్యంగా మారుతుంది.