పాత కంప్యూటర్‌కు కొత్త వెడల్పు మానిటర్: అక్షరాలు సాగిపోతే ఏం చేయాలి?

పెళ్లి రుఖాలు, రసీదు పుస్తకాలు వేసే చిన్న డీటీపీ షాపుల్లో పదేళ్లు దాటిన కంప్యూటర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఉర్దూ ఇన్‌పేజ్ ఫైళ్లు, తెలుగు పేజ్‌మేకర్ ఫైళ్లు అన్నీ వాటిలోనే. పాత చదరపు మానిటర్ పాడైతే ఇప్పుడు బజార్లో కొత్తగా దొరికేది ఎక్కువగా వెడల్పు మానిటరే. అది తెచ్చి తగిలించగానే కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఫొటోల్లో ముఖాలు ఉబ్బిపోతాయి. నస్తాలీఖ్‌లో గిన్నెలా ఉండాల్సిన 'నూన్' పళ్లెంలా కనిపిస్తుంది.

ఇది కళ్లకు ఇబ్బంది మాత్రమే కాదు. తెర మీద అక్షరం లావుగా ఉందనుకుని దాన్ని సన్నం చేస్తే, అచ్చులో అది నిజంగానే నొక్కుకుపోయి వస్తుంది. అయిదొందల రుఖాలు మళ్లీ వేయాల్సిన పరిస్థితి. 'ఇక ఈ కంప్యూటర్ పనికిరాదు' అని అమ్మేసేవారూ ఉన్నారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు.

ఎందుకిలా అవుతుంది?

పాత మానిటర్లలో చాలావాటి కొలత 4:3. అంటే 1024×768 చుక్కలు. కొత్తవి 16:9. వాటిలో ఎక్కువగా 1920×1080 చుక్కలుంటాయి. కంప్యూటర్ పాత కొలతలోనే బొమ్మ పంపితే, మానిటర్ దాన్ని తెర నిండా లాగుతుంది. అప్పుడు ఎత్తుతో పోలిస్తే వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. అనుమానం ఉంటే పెయింట్ తెరిచి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఒక గుండ్రం గీయండి. స్కేలుతో కొలవండి. ఎత్తు, వెడల్పు ఒకటే ఉండాలి.

ముందు చేయాల్సింది

ఏదైనా మార్చే ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తరువాత డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేయండి. విండోస్ 7లో 'స్క్రీన్ రిజల్యూషన్', 10లో 'డిస్‌ప్లే సెట్టింగ్స్' కనిపిస్తాయి. ఎక్స్‌పీలో అయితే 'ప్రాపర్టీస్'లోకి వెళ్లి 'సెట్టింగ్స్' చూడాలి. మానిటర్ పెట్టె మీద రాసి ఉన్న కొలతనే ఎంచుకోండి. అది 1366×768 అయి, జాబితాలో లేకపోతే 1360×768 పెట్టుకోవచ్చు. తేడా పెద్దగా తెలియదు.

కొలత మార్చగానే తెర నల్లబడితే కంగారు పడొద్దు. ఏ బటనూ నొక్కకుండా పదిహేను సెకన్లు ఆగితే పాత కొలత దానంతట అదే వస్తుంది.

జాబితాలో ఆ కొలతే లేకపోతే?

మొదటి కారణం డ్రైవర్. డివైస్ మేనేజర్‌లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' తెరిచి చూడండి. అక్కడ 'స్టాండర్డ్ వీజీఏ' అనో 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అనో ఉంటే అసలు డ్రైవర్ లేనట్టే. మదర్‌బోర్డు లేదా గ్రాఫిక్స్ చిప్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచి, మీ విండోస్‌కు సరిపోయేది తెచ్చుకోండి. 'అన్ని డ్రైవర్లూ ఉచితం' అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

రెండో కారణం కేబుల్. మానిటర్ తన కొలతలను ఈ కేబుల్ ద్వారానే కంప్యూటర్‌కు చెబుతుంది. పిన్ను వంగినా, నాసిరకం కేబుల్ అయినా ఆ కబురు చేరదు. మరో కేబుల్‌తో చూడండి. వీజీఏ కేబుల్‌తో బొమ్మ ఒక పక్కకు జరిగితే మానిటర్ మీది 'ఆటో' బటన్ నొక్కితే చాలు.

కొత్త మానిటర్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే కన్వర్టర్ కావాలి. షాపులో 'వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి' అని స్పష్టంగా అడగండి. చాలామంది పొరపాటున 'హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి' తెచ్చుకుంటారు. అది ఇక్కడ పనిచేయదు. కంప్యూటర్ వెనుక డీవీఐ ఉంటే ఇంకా సులువు, డీవీఐ-హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటి సరిపోతుంది.

చిప్ మరీ పాతదైతే

కొన్ని పాత చిప్‌లు వెడల్పు కొలతలను ఇవ్వలేవు. అప్పుడు మానిటర్ మెనూలో 'ఆస్పెక్ట్' లేదా '4:3' ఉందేమో చూడండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి కానీ అక్షరం మాత్రం సరైన ఆకారంలో ఉంటుంది. తెర నిండా కావాలంటే సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు వేయించుకోవచ్చు. కొనేముందు మదర్‌బోర్డులో స్లాట్ ఏజీపీనా, పీసీఐ ఎక్స్‌ప్రెస్సా అన్నది మెకానిక్‌తో చూపించుకోండి. ఒకదాని కార్డు ఇంకోదానిలో దూరదు.

చివరగా ఒక మాట. సరైన కొలత పెట్టాక అక్షరాలు చిన్నవైపోయాయని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అందుకోసం రిజల్యూషన్ మళ్లీ తగ్గించొద్దు, అక్షరాలు మసకబారతాయి. విండోస్ 7, 10 డిస్‌ప్లే సెట్టింగుల్లోనే అక్షరాల సైజు 125 శాతానికి పెంచితే, రాత పెద్దదవుతుంది, గుండ్రం గుండ్రంగానే ఉంటుంది.