సిమెంటు బస్తా తరిగితే స్లాబుకే దెబ్బ

సిమెంటు బేరం టన్నుల్లో కుదిరినా, సరుకు చేతులు మారేది బస్తాల్లోనే. బస్తాకు నికరం 50 కిలోలు, టన్నుకు 20 బస్తాలు. ఈ లెక్క తెలియని వర్తకుడు ఉండడు. అయితే బస్తా అమ్మకానికి మాత్రమే కొలత కాదు. కాంక్రీటు కలిపేచోట తూనికరాయి కూడా అదే.

మెట్రిక్ తూనికలకు ముందు బస్తా 112 పౌన్లు, అంటే 50.8 కిలోలు ఉండేది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తర్వాత 50 కిలోలకు స్థిరపడింది. బస్తాను ఒకటింబావు ఘనపుటడుగుగా లెక్కగట్టే మేస్త్రీల అలవాటు పౌన్ల కాలం నాటిదే. ఘనపు మీటరుకు 1,440 కిలోల చొప్పున 50 కిలోల సిమెంటు 34.7 లీటర్లవుతుంది. ఇసుక, కంకర కొలిచే పెట్టెను 35 లీటర్లకు చేయించేది అందుకే.

1:2:4 పాళ్లలో ఒక బస్తా సిమెంటుకు రెండు పెట్టెల ఇసుక, నాలుగు పెట్టెల కంకర పడతాయి. సిమెంటును ఎవరూ కొలవరు, బస్తా విప్పి పోస్తారు. అందులో 2 కిలోలు తక్కువున్నా ఇసుక, కంకర, నీరు తగ్గవు. ఐ.ఎస్. 456 ప్రకారం ఎం-20 రకం కాంక్రీటుకు 50 కిలోల సిమెంటుతో 30 లీటర్లకు మించి నీరు పోయరాదు. సిమెంటు 48 కిలోలే ఉంటే నీటి పాలు 0.60 నుంచి 0.625కు పెరుగుతుంది. నీటి పాలు పెరిగితే బలం తగ్గుతుంది.

తరుగుకు ఐ.ఎస్. 269లో హద్దులున్నాయి. ఫ్యాక్టరీలో నమూనాగా తీసిన బస్తాల సగటు 50 కిలోలకు తగ్గరాదు. కిలోకు మించి తరిగినవి నమూనాలో నూటికి 5 దాటరాదు. ఏ ఒక్కటీ 2 కిలోలకు మించి తరగరాదు. కనుక ఒక్క బస్తా తేలికగా ఉన్నంతలో సరుకు చెడ్డదని అనలేము. చూడవలసింది సగటు. 200 బస్తాల లోడులో సగటున అరకిలో తగ్గితే 100 కిలోలు, అంటే రెండు బస్తాలు పోయినట్లే.

ఫ్యాక్టరీలో సరిగా తూగిన బస్తా కూడా ఎగుమతి, దిగుమతుల్లో కొక్కేలు తగిలి, కుట్లు ఊడి తరగవచ్చు. చిరిగిన బస్తాలను విడిగా ఉంచి, తూచి అమ్మడమే న్యాయం. తేమ పట్టిన బస్తాది మరో చిక్కు. తూకం తగ్గదు సరికదా, కొంత పెరుగుతుంది కూడా. కాని గడ్డకట్టిన సిమెంటుకు పట్టు ఉండదు. తూకంతోపాటు చేతితో నలిపి చూడడం అందుకే అవసరం.

లారీ దించేటప్పుడే, అట్టీ వేయకముందే, అక్కడక్కడి బస్తాలు కొన్ని కాటా మీద పెట్టడం దుకాణదారుకు క్షేమం. ధరలో రూపాయి, రెండు రూపాయల కోసం గట్టిగా బేరమాడే చోట, బస్తాకు కిలో తరిగితే నూటికి 2 రూపాయలు వదులుకున్నట్లే. ఆపైన స్లాబు బీటలిస్తే కొన్నవాడు ముందుగా నిలదీసేది అమ్మిన దుకాణాన్నే.