నుమాయిష్ ఆగిన యేళ్ళు

జనవరి వచ్చిందంటే హైదరాబాదులో నుమాయిష్ సందడి. పంట ఇల్లు చేరాక పిల్లాజెల్లాతో రైలెక్కి, నాంపల్లి స్టేషనులో దిగి, నడిచి వెళ్ళి చూసి రావడం మన పల్లెల వారికి కొత్త కాదు. రంగులరాట్నం ఎక్కడం, మిర్చిబజ్జీలు తినడం, దుప్పటో రెండు గిన్నెలో కొనుక్కుని రాత్రి బండికి తిరిగి రావడం. టిక్కెట్టు డబ్బు ఎక్కడికి పోతున్నదని అడిగేవారు మాత్రం తక్కువ.

ఆ సంగతి 1938లో మొదలయింది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు నిజాం సంస్థానంలో ఆర్థిక సర్వే జరపాలని తలపెట్టారు. సర్వేకు పైకం కావాలి. స్థానికంగా తయారయ్యే వస్తువులతో ప్రదర్శన పెడితే నాలుగు డబ్బులు వస్తాయని తోచింది. పబ్లిక్ గార్డెన్సులో, అప్పటి వారి మాటలో బాగె ఆమ్‌లో, పది రోజుల పాటు జరిపారు. జనం ఎట్లా బతుకుతున్నారో లెక్క కట్టడానికని తోటలో పెట్టిన ఆ సంతే నేటి నుమాయిష్. 1946లో దీనిని నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మార్చారు.

తరువాత రాబడి చదువులకు మళ్ళింది. కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఎగ్జిబిషన్ సొసైటీ నడుపుతున్నవే. అంటే మనం కొన్న టిక్కెట్టులో ఎవరో ఆడపిల్ల చదువు కూడా వున్నదన్న మాట.

ఇంతటి సంత ఆగిన యేళ్ళూ వున్నాయి. 1947, 48ల్లో సంస్థానం అట్టుడికిపోతున్నది. ప్రదర్శన జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజాజీ ప్రారంభించగా మళ్ళీ మొదలయింది.

ఆ తరువాత పెద్ద దెబ్బ కోవిడ్‌ది. 2020 లాక్‌డౌన్‌లో కూలి పోయింది, బేరం పోయింది, పట్నం పోయినవారు మూటాముల్లె సర్దుకుని వూళ్ళకు తిరిగి వచ్చారు. 2021 జనవరి 1న తెరవవలసిన నుమాయిష్‌ను మొదట వాయిదా వేశారు. చివరకు ఆ యేడు జరగనే లేదు. నష్టమే, కాని ముందుగా తెలిసిన నష్టం. సరుకు తెచ్చినవాడు లేడు, అద్దె కట్టి కూర్చున్నవాడు లేడు.

2022లో జరిగినది వేరు. జనవరి 1న ఆర్భాటంగా ప్రారంభించారు. మరునాటి రాత్రికే ఆపివేశారు. మళ్ళీ కోవిడ్ భయమే కారణం. అప్పటికే దుకాణాలు కట్టారు, దీపాలు వేలాడగట్టారు. కాశ్మీరు నుంచి శాలువాలు, ఉన్ని కోట్లు తెచ్చిన వర్తకులు మూటలు విప్పీ విప్పకముందే చిక్కుకుపోయారు. ఇంటికి పోదామంటే దారి ఖర్చు, వుందామంటే తిండి ఖర్చు. ఫిబ్రవరి 25న మళ్ళీ తెరిచారు. మార్చి ఎండలో ఉన్ని కోటు వేసుకుని చూసేదెవరు?

మన వూళ్ళలోనూ ఇది తెలియని సంగతి కాదు. వానలు పడని యేడు జాతర జరపాలా వద్దా అని రచ్చబండ దగ్గర వాదులాట జరుగుతుంది. ఒకాయన ఖర్చు దండగ అంటాడు. గాజులమ్మే ఆమె, పీచుమిఠాయి తాత మాత్రం ఆ నాలుగు రోజుల బేరంతోనే ఆర్నెల్లు నెట్టుకు రావాలి. జాతర వద్దనుకుంటే ఆ మాట వాళ్ళు అప్పు చేసి సరుకు కొనక ముందే చెప్పాలి. 2022లో ఆ వర్తకులకు దొరకనిది అదే. పెద్దలు పదిహేను రోజుల ముందు నిర్ణయించి వుంటే చాలామంది ఇల్లు కదిలేవారు కాదు. ఆరోగ్యం కోసం ఆపడాన్ని తప్పు పట్టలేము. తెరిచి ఆపడాన్నే ఒప్పుకోలేము.

2023లో యథాప్రకారం జనవరి 1నే మొదలయింది. 2025లో మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మృతికి సంతాప దినాలు కావడంతో జనవరి 3కు జరిపారు. ఈసారి రెండు రోజులే. ఆ మాట కూడా తలుపులు తెరవక ముందే చెప్పారు.