ట్రయథ్లాన్‌కు ‘సై’ అనే సైకిల్

న్యూకాసిల్‌లో మనవాళ్లకు సైకిల్ కొత్తేమీ కాదు. కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసేవాళ్లు, ఆస్పత్రి షిఫ్టులకు వెళ్లే నర్సులు, తెల్లవారుజామునే వేర్‌హౌస్‌కు పరుగెత్తే కుర్రాళ్లు.. ఫస్ట్ బస్సు రాకముందే రోడ్డెక్కాలంటే రెండు చక్రాలే దిక్కు. అలా మొదలైన తొక్కుడు సెలవు రోజున టైన్‌మౌత్ బీచ్ దాకా వెళ్తుంది. అక్కడ సముద్రంలో ఈదుతున్నవాళ్లను, ఒడ్డున పరుగెడుతున్నవాళ్లను చూశాక ‘మనమూ ట్రయథ్లాన్ చేసేస్తే పోలా!’ అనిపిస్తుంది కొందరికి. ఈత, సైకిల్, పరుగు.. మూడూ ఒకదాని వెంట ఒకటి. స్ప్రింట్ పోటీ అయితే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది దీనికి రెట్టింపు దూరం. ఐరన్‌మ్యాన్‌లో అయితే సైకిలొక్కటే 180 కిలోమీటర్లు!

ఉత్సాహం వచ్చిన మర్నాడే ‘ఏ సైకిల్ కొనాలి?’ అన్న ప్రశ్న వస్తుంది. జేబుకు చిల్లు పడేది ఇక్కడే. కొత్త ట్రయథ్లాన్ సైకిల్ రెండు మూడు వేల పౌండ్ల దగ్గర మొదలై పదివేలు కూడా దాటుతుంది. నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్లకు, వీసా ఫీజుల కోసం కూడబెట్టుకునేవాళ్లకు అది చిన్న మాట కాదు. నన్నడిగితే మొదటి రెండేళ్లూ దాని జోలికే పోవద్దంటాను. పాత రోడ్ సైకిల్ చాలు. దాన్ని మన ఒంటికి సరిపెట్టుకోవడం, ఉప్పు నుంచి కాపాడుకోవడం తెలిస్తే డ్యూటీకీ అదే, పోటీకీ అదే.

మేటి ఆటగాళ్లు తొక్కింది ఏమిటి?

నమ్మకం కుదరకపోతే పక్క ఊరినే చూడండి. 2023 జులై ఆఖరులో సండర్లాండ్‌లోని రోకర్ బీచ్‌లో ప్రపంచ స్థాయి ట్రయథ్లాన్ పోటీలు జరిగాయి. ఈత తర్వాత కనీసం 57 మందికి వాంతులు, విరేచనాలు అయ్యాయన్న వార్తే చాలామందికి గుర్తుండిపోయింది. కానీ ఆ పోటీల్లో మేటి ఆటగాళ్లు తొక్కినవి ట్రయథ్లాన్ సైకిళ్లు కావు, వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ సైకిళ్లే. ఆ తరహా పోటీల్లో ఒకరి వెనుక ఒకరు గుంపుగా తొక్కవచ్చు. అందుకే ముందుకు పొడుచుకొచ్చే పొడవాటి బార్లకు అక్కడ చోటు లేదు.

మనలాంటి మామూలు జనం పాల్గొనే పోటీల్లో సాధారణంగా ఎవరి గాలిని వాళ్లే చీల్చుకోవాలి. ముందువాడి వెనుక నక్కితే పెనాల్టీ. గంటకు 30 కిలోమీటర్లు దాటాక మన శ్రమలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. మోచేతులు ఆనించి, వీపు వంచి పడుకున్నట్టు తొక్కితే ఆ ఖర్చు తగ్గుతుంది. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున గ్రెగ్ లెమాండ్ 50 సెకన్ల వెనుక నుంచి వచ్చి, 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ రోజు అతను వాడింది ట్రయథ్లాన్ వాళ్ల దగ్గర పుట్టిన ఈ బార్లనే. అసలు ట్రయథ్లాన్ సైకిల్‌లో ఇంకో తేడా ఉంది. సీటు గొట్టం ఎక్కువ నిటారుగా ఉంటుంది. రోడ్ సైకిల్‌లో 72, 74 డిగ్రీలుంటే దీనిలో 76 నుంచి 80 దాకా. దానివల్ల ముందుకు వంగినా తుంటి దగ్గర మరీ నొక్కుకుపోదు, దిగాక పరుగు తేలిగ్గా అందుకుంటుంది.

ఈ లాభంలో చాలా భాగం పాత రోడ్ సైకిల్‌కు క్లిప్-ఆన్ బార్లు బిగిస్తే వచ్చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

అల్యూమినియం ఫ్రేమ్, రెండు బ్రేకులూ బాగున్న రోడ్ సైకిల్ రెండు మూడు వందల పౌండ్లకే దొరుకుతుంది. కొనేముందు అడుగున చెక్కి ఉండే ఫ్రేమ్ నంబర్‌ను బైక్‌రిజిస్టర్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. దొంగ సైకిల్ అని తర్వాత తేలితే డబ్బూ పోతుంది, సైకిలూ పోతుంది. నంబర్ గీకేసి ఉంటే బేరం వద్దు. ఇంగ్లండ్‌లో మనదేశంలోలాగే కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి. యూరప్ నుంచి వచ్చిన సైకిళ్లలో తిరగబడి ఉంటుంది, వానలో కంగారుగా నొక్కితే బోర్లా పడతారు జాగ్రత్త.

కంపెనీ ద్వారా ‘సైకిల్ టు వర్క్’లో తీసుకుంటే పన్నుకు ముందే జీతంలో కోత పడుతుంది కాబట్టి లాభమే. అయితే కోత పోగా జీతం కనీస వేతనం కంటే తగ్గకూడదు. స్పాన్సర్‌షిప్ వీసా మీద ఉన్నవాళ్లు, ఈ కోత వల్ల వీసాకు చూపిన జీతం లెక్క మారుతుందేమో హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి జవాబు చేతికి వచ్చాకే సంతకం పెట్టండి. మధ్యలో ఉద్యోగం మారితే మిగిలిన బాకీ ఒక్కసారే కట్టమంటారు. ఇక సైకిల్ ఉంది కదా అని యాప్ డెలివరీలు మొదలుపెట్టే విద్యార్థులకు ఒక మాట. స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ నిషేధం. స్నేహితుడి అకౌంట్ మీద చేస్తే ఇంకా పెద్ద చిక్కు.

సీటు నుంచి మొదలుపెట్టండి

మన ఊళ్లో సైకిల్ అంటే ఇంట్లో అందరికీ ఒక్కటే. నాన్న తొక్కేదే కొడుకూ తొక్కుతాడు. సీటు ఎత్తు గురించి ఎవరూ పట్టించుకోరు. ఇరవై కిలోమీటర్లు గట్టిగా తొక్కి, దిగి పరుగెత్తాలంటే అలా కుదరదు.

తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే సైకిలెక్కి గోడ పట్టుకోండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. ముందుపాదం పెడితే మోకాలు కాస్త వంగి ఉండాలి. లెక్క కావాలంటే గజ్జల నుంచి నేల వరకు కాలి పొడవు కొలిచి 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లయితే క్రాంకులు తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైదాకా సుమారు 70.6 వస్తుంది. మొదటి అంచనాకు ఇది చాలు, ఆ తర్వాత ఒళ్లే చెబుతుంది. మోకాలి చిప్ప దగ్గర నొప్పి వస్తే సీటు కిందకు ఉన్నట్టు, మోకాలి వెనుక లాగితే ఎక్కువ ఎత్తున్నట్టు. చేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు కిందకు వాలిందేమో చూడండి. ఏది మార్చినా ఒకసారి నాలుగైదు మిల్లీమీటర్లే, రెండు మూడు రైడ్లు చూశాకే మళ్లీ పానా పట్టుకోండి. పన్నెండు గంటలు నిలబడి డ్యూటీ చేసేవాళ్లకు మోకాలు పాడైతే పోయేది పోటీ కాదు, జీతం.

క్లిప్-ఆన్ బార్లు బిగించాక ఒళ్లు ముందుకు జరుగుతుంది కాబట్టి సీటునూ ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు జరపాలి. ముందుకు జరిపితే పెడల్‌కు దగ్గరవుతుంది, అందుకని పిసరంత ఎత్తాలి. మోచేతి ప్యాడ్లు భుజాల కంటే కాస్త ముందుండేలా, పై చేతికీ ఒంటికీ మధ్య ఇంచుమించు 90 డిగ్రీలు వచ్చేలా పెట్టండి. ప్యాడ్లు ఎత్తుగానే మొదలుపెట్టి, మెడ అలవాటు పడ్డకొద్దీ దించుకోవచ్చు. తొలిరోజే యూట్యూబ్ వీరుల్లా వంగితే మర్నాడు తల తిప్పలేరు. హ్యాండిల్ కార్బన్‌దైతే బార్లు బిగించవచ్చో లేదో తయారీదారు సూచనలు చూడండి. కార్బన్ మీద టార్క్ పానా లేకుండా బలం చూపించొద్దు.

మోచేతుల మీద ఉన్నప్పుడు బ్రేకులు చేతికందవు. ఇది మర్చిపోకూడని సంగతి. ఊళ్లో, సిగ్నళ్ల దగ్గర, గుంపులో ఆ బార్లు పట్టుకోవద్దు. డ్యూటీకి వెళ్లేరోజు విప్పేస్తే ఇంకా మంచిది, పది నిమిషాల పని. ప్రాక్టీసుకు టైన్‌మౌత్ నుంచి విట్లీ బే మీదుగా సెయింట్ మేరీస్ లైట్‌హౌస్ వైపు సముద్రం పక్కన దారి ఉంది. అక్కడ కూడా పక్కగాలి కొడితే చేతులు మామూలు హ్యాండిల్ మీదకే రావాలి. పళ్లెంలా మూసి ఉండే డిస్క్ చక్రాల మోజు ఉన్నవాళ్లకు చెప్పేదేమంటే.. హవాయి ఐరన్‌మ్యాన్‌లోనే గాలి భయానికి వాటిని నిషేధించారు.

ఏవి కావాలి, ఏవి వద్దు

డిసెంబర్‌లో ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు తెల్లవారి, మూడు నలభైకే పొద్దుగూకుతుంది. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్, పెడళ్లకు నారింజ రిఫ్లెక్టర్లు చట్టం ప్రకారం ఉండాల్సిందే. బూటు ఇరుక్కునే రేసు పెడళ్లకు చాలావాటికి ఈ రిఫ్లెక్టర్లు ఉండవు. అందుకే పనికి మామూలు పెడళ్లు ఉంచి, పోటీకి ముందు మార్చుకోవడం మేలు. మార్చేటప్పుడు ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుందని గుర్తుంచుకోండి, లేదంటే బలమంతా పెట్టి ఇంకా బిగిస్తారు.

స్ప్రింట్‌కు 750 మిల్లీలీటర్ల నీళ్ల సీసా ఒక్కటి చాలు. సీటు వెనుక రెండు సీసాలు, ముందు డబ్బా, పవర్ మీటరు.. ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. అవే డబ్బులు మంచి టైర్ల మీద పెట్టండి. 25 లేదా 28 మిల్లీమీటర్ల టైర్లు ఈ రోడ్లకు సరి. గాలి వారానికొకసారి కొట్టాలి, టైరు పక్కన రాసిన గరిష్ఠ సంఖ్య దాటకూడదు. స్పేర్ ట్యూబు, లివర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో ఉండాలి. ఇక్కడ రోడ్డు పక్కన పంక్చర్ షాపు ఉండదు కదా!

అసలు శత్రువు ఉప్పు

మంచు పడే సూచన ఉంటే కౌన్సిల్ లారీలు రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతాయి. వాహనాలకు మేలే కానీ సైకిల్ చైనుకు అది విషం. రెండు రాత్రులు వదిలేస్తే మూడో రోజుకు ఎర్రగా తుప్పు. ఎండాకాలంలో సముద్రపు గాలి, పోటీ రోజున ఈది వచ్చి కారుతున్న ఉప్పునీళ్లతోనే సైకిలెక్కడం. చలికాలం గదిలో ట్రైనర్ మీద తొక్కితే చెమట. అది నేరుగా హ్యాండిల్ బోల్టుల మీద, హెడ్‌సెట్ బేరింగుల మీద పడుతుంది. మీద పాత తువ్వాలు కప్పడం మర్చిపోవద్దు.

అద్దె ఇళ్లలో నీళ్ల పైపు ఎక్కడుంటుంది అంటారా? టైన్‌సైడ్ ఫ్లాట్ పై అంతస్తులో ఉండేవాళ్లకైనా ఒక బకెట్, స్పాంజి, పాత టూత్‌బ్రష్ దొరక్కపోవు. వెనుక సందులో పెట్టి గోరువెచ్చని నీళ్లు పోసి కడిగి, గుడ్డతో తుడవాలి. ప్రెషర్ వాషర్‌తో బేరింగుల మీద కొట్టొద్దు, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. చైను ఆరాక ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క నూనె. చలికాలానికి ‘వెట్’ లూబ్, ఎండాకాలానికి ‘డ్రై’ లూబ్. పైకి కారినదంతా తుడిచేయాలి, లేకపోతే మట్టి పట్టి గంధంలా అరగదీస్తుంది. మామూలు డబ్ల్యూడీ-40 నీటిని తోలేస్తుంది గానీ నూనెకు బదులు కాదు. మన ఊళ్లో కొందరు పూసే కొబ్బరినూనె సంగతి చెప్పక్కర్లేదు, 24 డిగ్రీల లోపే గడ్డకట్టేస్తుంది.

చైను అరిగిందో లేదో స్కేలుతో చూడొచ్చు. కొత్త చైనులో 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చేయండి. ఎనిమిదో వంతు దాకా ఆగితే చైనుతో పాటు వెనుక పళ్ల చక్రాలూ పోతాయి, ఖర్చు రెండు మూడింతలు. రిమ్ బ్రేకులున్నవాళ్లు రబ్బరులో ఇరుక్కున్న ఇసుకను గుండుసూదితో తీయాలి. డిస్క్ బ్రేకులైతే పళ్లేనికి నూనె చుక్క తగలనివ్వకూడదు. వేసవిలో టౌన్ మూర్ మీదుగా వెళ్లేవాళ్లకు ఆవుల పేడ అదనం!

పోటీ రోజున

హ్యాండిల్ చివర్ల మూతలు ఉండాలి, లేకపోతే సైకిల్‌ను లోపలికి రానివ్వరు. హెల్మెట్ తలకు పెట్టి బకిల్ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, ఇది రూలు. గేరు తేలికలో పెట్టి ఉంచండి, నీళ్లలోంచి వచ్చిన కాళ్లకు మొదటి నిమిషం బరువు లాగే శక్తి ఉండదు. బూట్లకు సాగే లేసులు కట్టుకుంటే తడి వేళ్లతో ముడులు వేసే బాధ తప్పుతుంది. ఇంటికొచ్చాక ఆకలి ఎంత దంచేస్తున్నా ముందు బకెట్ పట్టుకుని వెనుక సందులోకి వెళ్లండి. సముద్రపు నీళ్లు బోల్టుల్లో ఎండిపోకముందే కడిగి, చైనుకు నూనె వేసి, లైట్లు చార్జింగ్‌కు పెట్టండి. సోమవారం తెల్లవారుజామున డ్యూటీకి తీసుకెళ్లాల్సింది ఆ సైకిలే.