స్పీకరు వేషం, మైకు వేషం

హైదరాబాద్‌లోని గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థ ప్రాంగణం ఉంది. అక్కడి శాస్త్రవేత్త ఎవరైనా మీకు ఆన్‌లైన్‌లో పాఠం చెబుతూ కప్పల బెకబెకల రికార్డింగ్ వినిపించాలనుకున్నారనుకోండి. స్పీకర్లో పెట్టి మైకుకు పట్టించారా, ఫ్యాన్ హోరూ దానితోపాటే వస్తుంది. మీటింగ్ యాప్ కప్పల్ని రొద అనుకుని నొక్కేయనూవచ్చు, పాపం!

మరి గాలిలోకి రాకుండానే శబ్దం ఒక యాప్ నుంచి మరోదానికి ఎలా వెళ్తుంది?

కంప్యూటర్లో శబ్దమంటే అంకెల వరస. తరచుగా సెకనుకు 48,000. యాప్‌కు అసలు స్పీకరుతో పనిలేదు, ఆపరేటింగ్ సిస్టమ్ చూపే పేరు చాలు. కాబట్టి లేని పరికరాన్ని ఉన్నట్టు చూపే డ్రైవర్ రాస్తారు. విండోస్‌లో వీబీ-కేబుల్, మ్యాక్‌లో బ్లాక్‌హోల్ అలాంటివే. ప్లేయర్‌కు అది స్పీకరులా, మీటింగ్ యాప్‌కు మైకులా కనిపిస్తుంది. ఇటు పడిన అంకెలు మెమరీలో క్షణం ఆగి అటు వెళ్తాయి. 480 అంకెలు పోగయ్యేదాకా ఆగితే ఆలస్యం 10 మిల్లీసెకన్లే.

తమాషా ఏమిటంటే, కప్పల గోల అందరికీ వినిపిస్తుంది, పాఠం చెప్పేవారికి తప్ప! వారి గొంతూ అందులో ఉండదు. అందుకే మిక్సర్ యాప్‌తో గొంతును కలిపి, కప్పల శబ్దాన్ని హెడ్‌ఫోన్‌కూ పంపాలి. మీటింగ్ శబ్దాన్ని మాత్రం ఆ దారిలో కలపకూడదు. కలిపితే మీ మాటలు మీకే తిరిగి వినిపిస్తాయి.