వేట లేని 61 రోజులు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. నెల్లూరు జిల్లాలో జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం, ఏ ఊరు చూసినా ఆ 61 రోజులూ పడవలు ఒడ్డునే ఉంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, ఇంజిన్లు విప్పి బిగించుకుంటూ ఊళ్లోనే కనిపిస్తారు. మిగతా పది నెలలూ ఆశా కార్యకర్త ఇంటికొచ్చే వేళకు వాళ్లు నీళ్ల మీదన్నా ఉంటారు, రాత్రంతా వేటాడి వచ్చి నిద్రలోనన్నా ఉంటారు. ఆడవాళ్లు చేపల గంపలెత్తుకుని అమ్మకానికి పోయి ఉంటారు. పగలు పదకొండు గంటలకు బడి వరండాలో వైద్య శిబిరం పెడితే దానికి వచ్చేది ముసలివాళ్లే.

అందుకే తీర గ్రామాల్లో క్యాన్సర్ గురించి ఎవరు ఏం చేయదలచుకున్నా ఈ రెండు నెలల్లో చేయాలని నా నమ్మకం. వేట నిషేధ భృతి ఇవ్వడానికి అధికారులు పడవ పడవకూ వచ్చి మనుషుల పేర్లు రాసుకుంటారు. 2025లో ఆ భృతిని 20 వేల రూపాయలకు పెంచారు కూడా. పేర్లు రాసే బల్ల పక్కనే ఒక నర్సు, చేతిలో ఒక టార్చిలైటు ఉంటే చాలు, ఊళ్లో సగం పని అయిపోతుంది.

టార్చిలైటు నోరు చూడటానికి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మూడూ కలిపి నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల నోట్లో మూడూ పడతాయి. రెండే పడుతున్నాయంటే చూపించుకోవాలి. వక్క కలిసిన గుట్కా, పాన్‌మసాలా నమిలేవాళ్లకు బుగ్గల లోపలి పొర మెల్లమెల్లగా గట్టిపడి దవడ బిగుసుకుంటుంది. క్యాన్సర్‌కు ముందు మెట్టు అది. ఖైని పెట్టేవాళ్లు కింది పెదవిని మడిచి చూసుకోవాలి. ముద్ద పెట్టే ఆ సందులో తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. వీటన్నిటికంటే ముందు ఇంట్లో ఒక గుర్తు కనిపిస్తుంది. నెల్లూరు చేపల పులుసును మామిడికాయ ముక్కతో సహా జుర్రుకునే మనిషి ఉన్నట్టుండి కారం మండుతోందని కంచం పక్కకు జరుపుతాడు. ఆ సంగతి డాక్టరు కంటే భార్యకు, తల్లికి ముందు తెలుస్తుంది. పొగాకు వాడే మనిషి అలా అన్నాడంటే వంటను తప్పుపట్టక, అతని నోరు తెరిపించి చూడాలి.

నోరు చూడటానికి పెద్ద డాక్టరే అక్కర్లేదని కేరళ రుజువు చేసింది. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నోళ్లు పరీక్షించారు. 2005లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, పొగాకు, మద్యం అలవాటు ఉన్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి.

ఖైని మానమని చెప్పడం తేలిక. రాత్రి వేటలో నిద్ర ఆపుకోవడానికి, ఆకలి తెలియకుండా ఉండటానికి దాన్ని నోట్లో పెట్టే మనిషికి ఆ మాట ఎక్కదు, ఎక్కకపోవడంలో అతని తప్పూ లేదు. అయితే వేట లేని రోజుల్లో ఆ అవసరాలు రెండూ ఉండవు. మానిన మొదటి వారం గడ్డుగా ఉంటుంది. చిరాకు, తలనొప్పి, నిద్రపట్టకపోవడం మామూలే. మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటాయి. 61 రోజులంటే ఆ గడ్డుకాలం దాటి ఇంకా నెల మిగులుతుంది. సాయం కావాలంటే 1800112356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చువేసి ఉంటుంది. కానీ పక్కన కూర్చుని వల కుట్టే నలుగురూ నములుతుంటే ఒక్కడు మానలేడు. మానితే ఆ నలుగురూ కలిసి మానాలి.

ఇలా కలిసికట్టుగా కదలడం నెల్లూరు జిల్లాకు కొత్త పాఠం కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో అక్షరదీపం వయోజన విద్యా తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా గోడు చెప్పే సీతమ్మ కథ చదివి, తమ ఊరి సారా దుకాణం మీదికి వెళ్లారు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచారు. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. వాళ్లు క్యాన్సర్ మీద పోరాడలేదు. కూలి డబ్బులు, దెబ్బలు, పిల్లల ఆకలి వాళ్లను బయటికి తెచ్చాయి. కానీ మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అప్పటికి నాలుగేళ్ల ముందే, 1988లోనే తేల్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము, ఇన్ని చోట్ల దాని పాత్ర ఉంది. పొగాకూ మద్యమూ కలిస్తే నోటికీ గొంతుకూ ముప్పు రెండూ కూడినంత కాదు, హెచ్చవేసినంత. ఆ లెక్కన దూబగుంట ఉద్యమం తెలుగునాట జరిగిన పెద్ద క్యాన్సర్ నివారణ కార్యక్రమాల్లో ఒకటి. నేను ఈ మాట తూచే అంటున్నాను.

తీరంలో ఇంకో కట్టుబాటు ఉంది, దురాయి. ఊరి పెద్దలు దురాయి వేస్తే ఏ పడవా కదలదు, దాటినవాళ్లకు జరిమానా తప్పదు. మనుషుల్ని వెలివేయడానికి వాడినప్పుడు దురాయి క్రూరమైంది, దాన్ని నేను సమర్థించను. అయితే చిల్లరకొట్లో గుట్కా, ఖైని పొట్లాలు వేలాడదీయకూడదని ఊరంతా కూర్చుని ఒప్పుకుంటే అందులో ఎవరికీ అన్యాయం లేదు. పదిహేనేళ్ల పిల్లవాడి కంటికి ఆ పొట్లం కనపడకుండా చేయడం, నలభై ఏళ్ల వాడిచేత మాన్పించడం కంటే ఎన్నో రెట్లు సులువు.

ఆడవాళ్ల సంగతికి వస్తే, ఇక్కడ అడ్డంకి సిగ్గు. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి దాదాపు 1.92 లక్షల రొమ్ము క్యాన్సర్లు, 1.27 లక్షల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు కొత్తగా బయటపడ్డాయి. రెండోదాన్ని పట్టడానికి కావలసింది పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే. దాన్ని దూదితో అద్ది ఒక నిమిషం ఆగితే, చెడిన చోటు తెల్లగా తేలుతుంది. ముంబై మురికివాడల్లో దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లతో టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన అధ్యయనంలో, ఈ పరీక్ష వల్ల ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గినట్టు 2013లో వెల్లడించారు. పరీక్ష చేసింది పదో తరగతి చదివి శిక్షణ పొందిన స్థానిక మహిళలు. మన రాష్ట్రంలోనూ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షల కోసం 2024 నవంబర్ నుంచి ఇంటింటి కార్యక్రమం నడిపారు. కానీ ఏఎన్ఎం గుమ్మంలో నిలబడి అడిగితే, అత్త ముందు, మరిది ముందు ఏ కోడలు నోరు విప్పుతుంది? రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి ఉద్యమం పుట్టిన జిల్లా ఇది. ఊరూరా మహిళా సంఘాలున్నాయి. అప్పు, వడ్డీ లెక్కలు చూసుకునే ఆ సమావేశంలోనే మగవాళ్లు లేకుండా ఈ మాట ఎత్తాలి. పదిమంది కలిసి ఒకే ఆటోలో పీహెచ్‌సీకి పోతే ఎవరు ఎందుకు పోయారని ఊరు అడగదు. 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష కావాలి. బహిష్టు నిలిచాక మళ్లీ రక్తం కనిపిస్తే వయసుతో పని లేకుండా అదే రోజు పోవాలి.

తిండి విషయంలో తీరప్రాంతానికి చెప్పాల్సింది తక్కువే. తాజా చేప మంచి ఆహారం. ఎండు నెత్తళ్లు, సావడాయలు మానమని కూడా చెప్పను. ఉప్పు మాత్రం తగ్గాలి, ఎక్కువ ఉప్పు కడుపు క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఉప్పుచేపను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలి. పక్కన ఇంకో ఉప్పటి ఊరగాయ కాకుండా మునగాకో, గోంగూరో ఉండాలి. వంట పొగ కూడా ముప్పే, అందుకే సరుగుడు కట్టెలతో వండే ఇంట్లో పొయ్యి ఆరుబయటికి జరగాలి, లేదా పొగ పోయే దారి ఉండాలి.

చికిత్స అయిపోయినవాళ్ల గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, తిరుపతిలో టాటా ట్రస్టుల తోడ్పాటుతో 2022లో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది, ఆరోగ్యశ్రీగా మొదలైన ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఖర్చు భరిస్తుంది. వైద్యం ముగించుకుని ఇంటికొచ్చిన మనిషిని మాత్రం మంచానికి అప్పగిస్తాం. ప్రేమతోనే చేసినా అది తప్పు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ పూర్తయిన 889 మందిపై జరిగిన అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లపాటు శిక్షకుల తోడుతో వ్యాయామం చేసినవాళ్లలో ఎనిమిదేళ్ల తర్వాత 90 శాతం మంది బతికున్నారు. పుస్తకం ఇచ్చి సలహా మాత్రమే చెప్పినవాళ్లలో అది 83 శాతం. చాలామంది చేసింది చురుగ్గా నడవడమే. డాక్టరును అడిగి, పొద్దున్నే గట్టి ఇసుక మీద పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు, ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన నడవాలి.

రొమ్ము ఆపరేషన్‌తో పాటు చంకలోని గ్రంథులు తీసినవాళ్లు ఆ వైపు చేతిని కాపాడుకోవాలి. చేప శుభ్రం చేసేటప్పుడు ముల్లు గుచ్చుకున్నా చీము పట్టి చెయ్యి వాచవచ్చు. మందపాటి గ్లౌజు తొడుక్కోవాలి, వాపు కనిపిస్తే ఆసుపత్రికి పోవాలి. నోటికి రేడియేషన్ అయినవాళ్లు నేర్పిన ప్రకారం రోజూ దవడ సాగదీసే కసరత్తు చేయకపోతే నోరు మళ్లీ బిగుస్తుంది. లాలాజలం తగ్గుతుంది కాబట్టి గుక్కగుక్క నీళ్లు, కారం లేని మెత్తని అన్నం, రాగిజావ అలవాటు చేసుకోవాలి. పన్ను పీకించాల్సి వస్తే, రేడియేషన్ అయి ఎన్నేళ్లయినా సరే, ఆ సంగతి పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి. చెప్పకుండా పీకిస్తే దవడ ఎముక మానకుండా కుళ్లిపోయే ప్రమాదం ఉంది.

కొన్ని ఇళ్లలో క్యాన్సర్ వచ్చినవాళ్లకు కంచం, గ్లాసు వేరుగా పెడతారు. క్యాన్సర్ అంటుకోదు. ఎంగిలి వల్ల రాదు, పక్కన పడుకుంటే రాదు, మనవణ్ని ఎత్తుకుంటే రాదు.